వీధి మీద పేరు నిలపడం

ఫోన్ కెమెరాను వీధి వైపు తిప్పితే తెర మీద ఆ వీధే కనిపిస్తుంది. దానిపైన ఎదుటి భవనం పేరో, వెళ్లాల్సిన దారి చూపే బాణమో తేలుతుంది. దీన్నే ఆగ్మెంటెడ్ రియాలిటీ, పొట్టిగా ఏఆర్ అంటారు. 1997లో కొలంబియా యూనివర్సిటీలో స్టీవెన్ ఫైనర్ బృందం ‘టూరింగ్ మెషీన్’ తయారుచేసినప్పుడు దాని కంప్యూటర్‌ను వీపున మోయాల్సి వచ్చేది. 2008లో వచ్చిన వికీట్యూడ్ యాప్ ఇలాంటి పనిని అరచేతిలోని ఫోన్‌తోనే చేసింది.

బరువు తగ్గింది గానీ, పేరును సరైన గోడ మీద నిలపడం తేలిక కాలేదు. ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఫోన్ జీపీఎస్ దాదాపు 5 మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. ఎత్తైన భవనాల మధ్య ఉపగ్రహ సంకేతాలు గోడలకు తగిలి మళ్లుతాయి కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది. 100 మీటర్ల దూరాన ఉన్న గోపురం విషయంలో 5 మీటర్ల తప్పు అంటే దిశలో 3 డిగ్రీల తేడా, పెద్దగా తెలియదు. 10 మీటర్ల దూరంలోని దుకాణానికి అదే తప్పు 27 డిగ్రీలవుతుంది. పేరు పక్క కొట్టు మీదికి పోతుంది. పేరుతో అసలు పని పడే చోటే తప్పు పెద్దదవుతుందన్నమాట.

2019లో గూగుల్ మ్యాప్స్‌లోకి వచ్చిన లైవ్ వ్యూ అనే ఏఆర్ సదుపాయం అందుకే జీపీఎస్ ఒక్కదాన్నే నమ్ముకోదు. కెమెరాకు కనిపించే భవనాలను గూగుల్ ముందే తీసి ఉంచిన స్ట్రీట్ వ్యూ వీధి చిత్రాలతో పోల్చి, మనిషి ఎక్కడున్నాడో, ఎటు చూస్తున్నాడో తేలుస్తుంది. అలాంటి చిత్రాలు లేని ఊళ్లలో కచ్చితమైన బాణం గీయడం చూసేవారిని మోసం చేయడమే. ‘దాదాపు ఈ వైపు’ అని తెలిపే వెడల్పాటి గుర్తు మేలు.

చోటు సరిగ్గా తెలిసినా గుర్తుల రద్దీ ఉండనే ఉంది. కళ్ల ముందున్న హోటలూ, నాలుగు వీధుల అవతలి గుడీ తెర మీద ఒకే వరుసలో తేలితే ఏది దగ్గరో తెలియదు. దూరపువాటిని చిన్నవిగా చూపాలి, గోడల వెనకవాటిని దాచాలి. ఎండలోనూ చదవగలిగేలా అక్షరాల వెనుక ముదురు పట్టీ ఉండాలి.

ఫోన్ ఎత్తి పట్టుకున్న చెయ్యి కాసేపటికే నొప్పి పుడుతుంది. తెర చూస్తూ నడిచేవారికి గుంత కనిపించదు. అందుకే లైవ్ వ్యూ నడక మొదలవగానే ఫోన్ దించమని చెబుతుంది. నిలబడి చూసే చోట మాత్రం ఏఆర్ నిజంగా రాణిస్తుంది. మ్యూజియం ఆఫ్ లండన్ 2010లో తెచ్చిన స్ట్రీట్‌మ్యూజియం యాప్ నేటి వీధి దృశ్యం మీదే అదే చోటి పాత ఫొటోను పరిచేది. ఫొటో చూసి ఫోన్ దించితే, అదే మలుపు ఇప్పుడెలా ఉందో కళ్లెదుటే కనిపించేది.