మోత కాదు, పాట చూసి కొనాలి

మచిలీపట్నం: సాయంత్రం ఆరు దాటిందంటే కోనేరు సెంటరులోని సెల్‌ఫోన్ దుకాణాల ముందు కుర్రకారు గుమిగూడతారు. వరుసగా వేలాడే ఇయర్‌ఫోన్లను చూపించి ‘వీటిలో బాగా మోగేది ఏది?’ అని అడగడం పరిపాటి. గుడివాడ బజారులోనూ, అవనిగడ్డ సెంటరులోనూ ఇదే తీరు. దుకాణదారు వినిపించిన ఒక్క నిమిషం పాటలో గుండెలదిరేలా డప్పు మోగితే చాలు, బేరం కుదిరినట్టే.

అసలు కథ ఇంటికి వెళ్లాక మొదలవుతుంది. రెండు నెలలు తిరక్కుండానే ఒక వైపు మూగబోతుంది. తీగను అటూ ఇటూ మెలితిప్పితే కాసేపు పలుకుతుంది, తర్వాత అదీ ఉండదు. మళ్లీ బజారు, మళ్లీ మూడు వందలు. ఏడాదిలో నాలుగు జతలు మార్చేసరికి పన్నెండు వందలు ఖర్చు. ఆ డబ్బుతో మూడు నాలుగేళ్లు మన్నే మంచి జత వచ్చేదని ఎవరూ లెక్క వేసుకోవడం లేదు. తండ్రి చేపల చెరువు మీద రాత్రి కాపలా కాసి తెచ్చిన కూలి డబ్బులో నుంచి పోయే సొమ్ము ఇది. ఆచితూచి కొనవలసిన వస్తువే.

వేదిక మీది వస్తువు జేబులోకి

ఈ మధ్య కుర్రకారు నోట ‘ఐఇఎం’ అన్న మాట తరచుగా వినిపిస్తోంది. ఇన్-ఇయర్ మానిటర్ అని దాని పూర్తి పేరు. పెద్ద కచేరీలలో పాడేవారికి తమ గొంతు తమకు వినపడక వేదిక మీద కాళ్ల దగ్గర స్పీకర్లు పెట్టుకునేవారు. వాటి మోతకు చెవులు దెబ్బతినేవి. 1995లో అమెరికాలో వాన్ హేలెన్ అనే రాక్ బృందం కోసం జెర్రీ హార్వే అనే సౌండ్ ఇంజనీరు చెవి రంధ్రంలో సరిగ్గా ఇమిడే పరికరం తయారు చేశాడు. బయటి మోతను ఆపి, కావలసిన పాటను మాత్రమే వినిపించడం దాని పని. ఒకప్పుడు పేరున్న గాయకులే కొనగలిగిన ఈ వస్తువును గత పదేళ్లలో చైనా తయారీదారులు సామాన్యుడి అందుబాటులోకి తెచ్చారు. ఇప్పుడు వెయ్యి రూపాయలకు కూడా దొరుకుతోంది.

మామూలు ఇయర్‌ఫోనుకూ దీనికీ కంటికి కనిపించే తేడా రెండు చోట్ల ఉంది. దీని తీగ చెవి వెనుక నుంచి చుట్టి వస్తుంది. కాబట్టి నడిచినా, సైకిలు తొక్కినా జారిపోదు. రెండోది మరీ ముఖ్యం. చాలా వాటికి తీగ ఊడదీసి మార్చుకోవచ్చు. ఇయర్‌ఫోనులో ముందుగా పాడయ్యేది ఎప్పుడూ తీగే, లోపలి స్పీకరు కాదు. తీగ తెగితే రెండు మూడు వందలు పెట్టి తీగ ఒక్కటే కొనుక్కోవచ్చు. ‘టూ పిన్’ తీగ కావాలని అడిగితే చాలావరకు సరిపోతుంది. పిన్నుల గుంట ఆకారం ఒక్కో కంపెనీకి కాస్త మారుతుంది కాబట్టి పాత తీగ వెంట తీసుకువెళ్లడం మంచిది.

చెవికి కుదరనిది ఎంత ఖరీదైతేనేం

పెట్టెలో చిన్నవి, నడిమివి, పెద్దవి అని మూడు జతల రబ్బరు బుడిపెలు ఇస్తారు. పదిమందిలో తొమ్మిదిమంది ముందే తగిలించి ఉన్న జతతో సరిపెట్టుకుని మిగతావి పారేస్తారు. తప్పు అక్కడే జరుగుతోంది. బుడిపె చెవిలో బిగువుగా కూర్చోకపోతే సందులోంచి గాలి పోతుంది. గాలి పోతే మృదంగం, తబలా, డప్పుల బరువు పోయి పాట రేకు డబ్బా మోగినట్టు ఉంటుంది. అప్పుడు వినేవారు వాల్యూము పెంచుతారు. పెంచినకొద్దీ చెవికి చేటు. వస్తువు మంచిదే అయినా నింద దానికి పడుతుంది.

మూడింటినీ మార్చి చూడాలి. చెవి పై అంచును కొంచెం పైకి లాగి బుడిపె పెట్టుకుని వదిలితే సరిగా కూర్చుంటుంది. బయటి మాటలు దూరం నుంచి వచ్చినట్టు వినిపిస్తే కుదిరినట్టు లెక్క. రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలని లేదు. కుడికి నడిమిది, ఎడమకు చిన్నది పెట్టుకోవలసి రావచ్చు. అరగంట తర్వాత నొప్పి పుడితే ఆ జత ఆ చెవికి పనికిరాదు.

ఘంటసాల పాటే గీటురాయి

పెట్టె మీద అచ్చువేసిన అంకెలకు మురిసిపోనక్కరలేదు. 40,000 హెర్ట్‌జ్ దాకా పలుకుతుందని రాస్తారు. మనిషి చెవి వినగలిగేది 20 నుంచి 20,000 హెర్ట్‌జ్ మాత్రమే, వయసు పైబడితే అదీ తగ్గుతుంది. లోపల నాలుగు స్పీకర్లు, ఆరు స్పీకర్లు అని చెబుతారు. పొయ్యిలు ఎక్కువైనంత మాత్రాన వంటకు రుచి రాదు. చక్కగా అమర్చిన ఒక్క స్పీకరు ఉన్న జత, తొందరపాటుగా కుక్కిన ఆరింటి జత కంటే బాగా పాడవచ్చు. చూడవలసిన అంకె ఓమ్‌ల సంఖ్య. 16 లేదా 32 ఓమ్‌లని ఉంటే మామూలు ఫోను తేలిగ్గా నడిపిస్తుంది. వందల్లో ఉంటే ఫోను శక్తి చాలకపోవచ్చు.

నాణ్యత తేల్చుకోవడానికి డప్పు పాట పనికిరాదు. చిన్నప్పటి నుంచి వింటూ వచ్చిన పాట కావాలి. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టిన ఘంటసాల గొంతు తెలియని ఇల్లు ఈ ప్రాంతంలో ఉండదు. ఆయన పాడిన పాత సినిమా పాట ఒకటి పెట్టి వినాలి. అప్పటి పాటలను చాలావరకు మోనో పద్ధతిలో రికార్డు చేశారు. అంటే రెండు చెవులకూ ఒకే ధ్వని వస్తుంది. జత బాగుంటే గొంతు సరిగ్గా నుదుటి నడిమి నుంచి వస్తున్నట్టు వినిపించాలి. ఒక పక్కకు ఒరిగితే ముందు బుడిపెలు సరిచూసుకోవాలి, తర్వాత ఎడమ కుడి మార్చి పెట్టుకుని చూడాలి. ఒరుగు కూడా పక్క మారితే రెండు స్పీకర్లకూ పొత్తు కుదరలేదని అర్థం. ఆ జత కొనకూడదు.

గొంతులోని గమకం, పాట మధ్య ఊపిరి తీసుకున్న సవ్వడి, వెనుక వీణ తీగ మీటు విడివిడిగా తెలియాలి. ‘స’, ‘శ’ అక్షరాలు చెవిలో సూదిలా గుచ్చుకుంటే పై స్థాయి ఎక్కువైనట్టు. అలాంటిది గంటసేపు వింటే తలనొప్పి తప్పదు.

ఆటకైతే తీగ ఉన్నదే మేలు

ఫోనులో ఆటలాడే పిల్లలకు కావలసింది వేరు. బీజీఎంఐ వంటి ఆటల్లో శత్రువు అడుగుల చప్పుడు ఏ పక్క నుంచి వస్తోందో పసిగట్టిన వాడిదే గెలుపు. డప్పు మోత ఎక్కువగా ఉన్న ఇయర్‌ఫోనులో ఆ చప్పుడు బాంబుల మోతలో మునిగిపోతుంది. పాటకు మంచిదైన సమతూకపు జతే ఆటకూ మంచిది. గేమింగ్ అని పేరుపెట్టి రంగు దీపాలు తగిలించిన దానికి అదనంగా చెల్లించనక్కరలేదు.

తీగ లేని బ్లూటూత్ బడ్స్‌తో ఇంకో చిక్కుంది. ఫోనులోని ధ్వని గాలిలో ప్రయాణించి చెవి చేరేసరికి సెకనులో ఐదో వంతు వరకు ఆలస్యం జరగవచ్చు. పాటకు అది తెలియదు. సినిమాలో పెదవుల కదలికకు ఫోనే సరిచేస్తుంది. ఆటలో మాత్రం తుపాకీ ముందు పేలి చప్పుడు తర్వాత వస్తుంది. గేమింగ్ మోడ్ ఉన్న బడ్స్‌లో ఆలస్యం తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. పైగా బడ్స్‌లోని బ్యాటరీ రెండు మూడేళ్లకు నీరసిస్తుంది. దాన్ని మార్చే వీలు దాదాపు ఉండదు. జతగాళ్లతో మాట్లాడుతూ ఆడేవారు మైకు ఉన్న తీగను అడిగి తీసుకోవాలి. మైకు లేని రకమూ అదే పెట్టెలో, అదే పేరుతో వస్తుంది.

ఉప్పుగాలికి తట్టుకోవాలి

చిలకలపూడి బంగారం తళుకు గురించి బందరువాసులకు ఒకరు చెప్పనక్కరలేదు. పైపూత వేరు, లోపలి లోహం వేరు. ఇయర్‌ఫోను జాక్ మీద ‘గోల్డ్ ప్లేటెడ్’ అని రాసినా అంతే. ఆ పూత వల్ల పాట తియ్యబడదు. అయితే పూత దండగ కాదు, తుప్పు పట్టనివ్వదు. గిలకలదిండి, నాగాయలంక, కోడూరు వంటి సముద్ర తీర గ్రామాల్లో ఉప్పుగాలికి, చెమటకు మామూలు జాక్ నల్లబడి గరగరమంటుంది. వాడిన తర్వాత పొడిగుడ్డతో తుడిచి, డబ్బాలో పెట్టి, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లం ఒకటి అందులో వేస్తే చాలు. బుడిపెలను వారానికోసారి సబ్బునీటితో కడిగి బాగా ఆరబెట్టాలి. ఒకరి చెవిలోది మరొకరు పెట్టుకుంటే చీము, దురద వంటివి అంటుకోవచ్చు.

కొనేముందు ఫోను అడుగు భాగం చూసుకోవాలి. గుండ్రటి 3.5 మి.మీ. రంధ్రం ఉంటే సరే. లేకుంటే టైప్-సి జాక్ ఉన్న జత గానీ, ‘డాక్’ చిప్ ఉన్న చిన్న కనెక్టరు గానీ కావాలి. చిప్ లేని చవక కనెక్టరు కొన్ని ఫోన్లలో అసలు పలకదు. దుకాణంలోనే సొంత ఫోనుకు తగిలించి చూడాలి.

ధరల విషయానికొస్తే, మూడు వందల నుంచి ఆరు వందల లోపు బోట్, జేబీఎల్ వంటి కంపెనీల మామూలు తీగ ఇయర్‌ఫోన్లు దొరుకుతాయి. మాటలకు, అడపాదడపా పాటకు అవి చాలు. వెయ్యి రూపాయల ప్రాంతంలో కేజెడ్ ఈడీఎక్స్ ప్రో వంటివి తీగ మార్చుకునే వీలుతో వస్తాయి. రెండు వేలకు అటూ ఇటూగా మూన్‌డ్రాప్ చూ 2, సెవెన్ హెర్ట్‌జ్ జీరో 2 వంటివి గొంతును స్పష్టంగా వినిపిస్తాయి. ధరలు దుకాణాన్ని బట్టి, రోజును బట్టి మారుతుంటాయి. అంతకు మించి పెట్టే ప్రతి వెయ్యికీ దక్కే లాభం కొంచెం కొంచెంగా తగ్గిపోతుంది.

తుపాను వేళ అక్కరకు వచ్చే తీగ

దివిసీమకు ఈ తీగతో ఇంకో పని ఉంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్న నేల ఇది. తుపాను గాలికి సెల్ టవర్లు మూగబోతే ఇంటర్నెట్ ఉండదు, బడ్స్ ఉన్నా వినడానికి ఏమీ ఉండదు. అప్పుడు వార్త తెచ్చేది రేడియో. ఎఫ్ఎం సదుపాయం ఉన్న చాలా ఫోన్లలో ఇయర్‌ఫోను తీగే ఏరియల్‌గా పనిచేస్తుంది. తీగ పెట్టనిదే స్టేషను పలకదు. ఎదురుమొండి వంటి లంకల్లో ఉండేవారు తీగ ఇయర్‌ఫోను ఒకటి ఇంట్లో ఉంచుకుని, తమ ఊరికి ఏ స్టేషను అందుతుందో మంచి రోజుల్లోనే చూసి పెట్టుకోవడం ఉత్తమం.

రొయ్యల చెరువుల కాపలాదారులకు ఇందుకు వ్యతిరేకమైన హెచ్చరిక అవసరం. రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే వెంటనే జనరేటరు వేయాలి. ఆలస్యమైతే నీటిలో ప్రాణవాయువు తగ్గి పంట మొత్తం తేలిపోతుంది. ఏరియేటర్ల హోరు ఆగిన సంగతి చెప్పవలసింది చెవే. రెండు చెవులూ బిగించుకుని పాట వింటే ఆ నిశ్శబ్దం వినపడదు. కాపలాలో ఒక చెవి ఖాళీగా ఉంచుకోవాలి. బైకు మీద, రైలు పట్టాల పక్కన అసలు పెట్టుకోకూడదు.

పోతే తిరిగి రానిది

నూటికి అరవై పాళ్లకు మించి వాల్యూము పెట్టకూడదని వైద్యుల మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ మోతను పెద్దవారు వారానికి 40 గంటలు వినవచ్చు. 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే. 100 అయితే 20 నిమిషాలే. లోపలి చెవిలో ధ్వనిని పట్టే సన్నని రోమ కణాలుంటాయి. చచ్చిన వరి దుబ్బు స్థానంలో మరొకటి నాటుకోవచ్చు గానీ, చచ్చిన రోమ కణం మళ్లీ మొలవదు. ఇయర్‌ఫోను తీశాక చెవిలో గుయ్యిమని మోత వినిపిస్తే, ఎదుటివారి మాట రెండోసారి అడగవలసి వస్తే అది మొదటి హెచ్చరిక. వెంటనే చెవి వైద్యునికి చూపించుకోవాలి.

బిల్లు తీసుకోకుండా కొనకూడదు. గ్యారంటీ ఉండి కూడా మార్చి ఇవ్వకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో ఫిర్యాదు చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషనులో ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. బ్లూటూత్ రకం కొనేవారు పెట్టె మీది ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషను నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకుంటే నకిలీ బయటపడుతుంది.

ఇకపై దుకాణం ముందు నిలబడ్డ కుర్రవాడు ‘బాగా మోగేది ఏది’ అని కాక, ‘తగ్గించి పెట్టినా బాగా వినిపించేది ఏది’ అని అడిగితే తండ్రి జేబూ, తన చెవీ రెండూ నిలుస్తాయి.