తిరుగుతూ కొట్టే సుత్తి

వెనకటికి వడ్రంగి పనిలో దిగాడంటే ఆ సంగతి వీధి మొదట్లోనే తెలిసేది. రంపపు కోత, సుత్తి దెబ్బలు, బరమా తిప్పే కీచుమనే చప్పుడు! ఇప్పుడు వినిపించే మోత వేరు. ముందు ‘జుయ్’మని సన్నగా మొదలై, మరుక్షణంలో ‘టటటట’ మని పళ్ళు జివ్వుమనేటట్టు మోగుతుంది. ఆ మోత చేసే యంత్రం జానెడు పొడవు కూడా వుండదు. తీగ లేదు. పిడి అడుగున బ్యాటరీ తగిలించుకుని కిలోన్నరకు మించకుండా తూగుతుంది. దాని పేరు ఇంపాక్ట్ డ్రైవరు.

చూసినవారు చాలామంది దాన్ని డ్రిల్లింగు మిషనే అనుకుంటారు. అలా అనుకునే కొంటున్నారు కూడా. మా బావగారు ఒకటి తెప్పించి, పూజగదిలో పటం తగిలించడానికి కాంక్రీటు గోడమీద ప్రయోగించారు. పావుగంట హోరెత్తించిన తరువాత గోడకు ఒక చిన్న సొట్ట, అక్కయ్య వెలిగించిన దీపం మీద బోలెడు సున్నం! యంత్రంలో లోపమేమీ లేదు. అది ఆ పనికి పుట్టినది కాదు, అంతే.

దాని కడుపులో ఒక బుల్లి సుత్తీ, ఒక బుల్లి దాగలీ వున్నవి. స్క్రూ సులువుగా దిగుతున్నంతసేపూ రెండూ కలిసి తిరుగుతవి. స్క్రూ మొరాయించిందా, సుత్తి వెనక్కు తగ్గి స్ప్రింగును నొక్కుతుంది. దాగలి చెవులను దాటుకుని అరచుట్టు తిరుగుతుంది. స్ప్రింగు తోసేసరికి ముందుకు వచ్చి ఆ చెవుల మీద పక్కనుంచి ఫెడీమని కొడుతుంది. ఇలా నిమిషానికి 3,000కు పైగా దెబ్బలు. బిగుసుకుపోయిన నట్టుకు పానా తగిలించి, దాని కొసమీద సుత్తితో కొట్టే మెకానిక్కును చూశారు గదా, కిటుకు అదే. దెబ్బ పడేది పక్కకు, తిరిగే వైపుకు. గోడకు చిల్లి పడాలంటే దెబ్బ ముందుకు పడాలి. అందుకు హామరు డ్రిల్లు అనే వేరే యంత్రమున్నది. మన ఇటుక, కాంక్రీటు ఇళ్ళకు ముందుగా అక్కరకు వచ్చేది నా మాటకు అదే.

మరి ఇదెందుకంటారా? మామూలు డ్రిల్లుతో పొడుగాటి స్క్రూ బిగిస్తుంటే, స్క్రూ ఆగిపోయినప్పుడు యంత్రం మన చేతినే మెలిపెడుతుంది. ఇందులో బలం తిరిగే సుత్తి వేగంలోనుంచి వస్తుంది కనుక ఆ మెలి చేతికి చాలా తక్కువ. “సాయంత్రం అన్నం కలుపుకోవడానికి వేళ్ళు వంగుతున్నాయండీ” అన్నాడు మా తలుపులకు బందులు వేసిన వడ్రంగి. దీని ఖరీదుకు అంతకంటె పెద్ద సమాధానం నాకు తోచలేదు.

తీగలేని డ్రిల్లును బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీవారు 1961లోనే తెచ్చారు. అంతరిక్ష యాత్రలకోసం నాసావారు కనిపెట్టారని చెప్పుకోవడం కద్దుగాని అది నిజం కాదు. ఆ కంపెనీయే తరువాత వారికి పనిముట్లు సమకూర్చింది. అప్పటివి నికెల్ కాడ్మియం బ్యాటరీలు, బరువెక్కువ, సత్తువ తక్కువ. 2005 ప్రాంతాల లిథియం అయాన్ బ్యాటరీలు పనిముట్లలోకి వచ్చాక గాని యింత చిన్న వొంటికి యింత బలం అబ్బలేదు.

ఆ బలమే ఒక్కొక్కప్పుడు కొంప ముంచుతుంది. డ్రిల్లుకుండే ‘ఇంత బిగిస్తే చాలు, ఆగు’ అనే క్లచ్చి దీనికి సామాన్యంగా వుండదు. టేకు తలుపులో ఇత్తడి స్క్రూ దీనితో దించితే తల తెగి చేతికి వస్తుంది. ముందు సన్నని బెజ్జం వేసి, అదే కొలత ఇనుప స్క్రూ ఒకసారి దించి తీసి, ఆ తరువాత ఇత్తడిదానికి సబ్బు రాసి చేత్తో బిగించడం పాత పనివాళ్ళ పద్ధతి. నేటికీ దానికి సాటి లేదు. చెవుల సంగతి కూడా మరువరాదు. 95 డెసిబెళ్ళు దాటే మోత యిది. గదిలో పని చేసేటప్పుడు చెవులకు అడ్డు పెట్టుకోవలసిందే. పిల్లలను ఆవలికి పంపేయాలి.

దుకాణంలో వోల్టులు చూసి మోసపోకండి. ఒక పెట్టెమీద 18, ఇంకోదానిమీద 20, మరోదానిమీద 21 అని వుంటుంది. లోపల వరుసగా వున్నవి సాధారణంగా అవే అయిదు లిథియం సెల్సులు. ఒక్కొక్కటి 3.6 వోల్టుల లెక్కన కడితే 18, నిండా ఛార్జి చేసినప్పటి 4.2 లెక్కన కడితే 21. ఇంటి అలమారలకు, మంచాలకు, బందులకు మూడు సెల్సుల 12 వోల్టుల రకం చాలు, అదీ 10.8కి పెట్టిన ముద్దుపేరే. ‘వట్టి యంత్రం’ అని చౌకగా అమ్మేదానిలో బ్యాటరీ గాని ఛార్జరు గాని వుండవు, విడిగా కొనుక్కోవాలి. ఒక కంపెనీ బ్యాటరీ మరొక కంపెనీ పిడికి పట్టదు. కనుక కొనేముందు ఇంట్లో ఇదివరకే వున్న డ్రిల్లు పిడి తిరగేసి, అది ఎవరి బ్యాటరీయో ఒకసారి చూడండి.