మోత కాదు.. కొలత ముఖ్యం
సైలెన్సర్‌ మార్చే ముందు వాహన యజమానులు తెలుసుకోవలసినవి

విజయవాడ: లోడుతో ఘాట్‌ రోడ్డెక్కిన లారీ మొరాయిస్తుంది. పొగ నల్లగా కమ్ముకొస్తుంది. ఎయిర్‌ ఫిల్టర్‌ మార్చినా, డీజిల్‌ పంపు విప్పి చూపించినా లాగుడు పెరగదు. తీరా ఆరా తీస్తే లోపం ఇంజిన్‌లో ఉండదు. అంతకు ముందు నెల తక్కువ ధరకు వేయించిన సైలెన్సర్‌లో ఉంటుంది. బండి కింద వేలాడే ఈ గొట్టాన్ని చాలామంది యజమానులు వట్టి రేకు డబ్బాగానే చూస్తారు. ధర, మోత.. ఈ రెండింటినే చూసి ఎంపిక చేస్తారు. నిజానికి డీజిల్‌ ఖర్చు, ఇంజిన్‌ ఆయుష్షు, క్యాబిన్‌లో నిద్రించే డ్రైవర్‌ ప్రాణం కూడా దీనితో ముడిపడి ఉన్నాయి.

చెన్నై-కోల్‌కతా 16వ నంబరు, పుణె-హైదరాబాద్‌-మచిలీపట్నం 65వ నంబరు జాతీయ రహదారులు కలిసే విజయవాడలో ఆటోనగర్‌ లారీ యజమానులకు పెద్ద దిక్కు. సైలెన్సర్‌ మార్చాలనుకునేవారికి మూడు దారులున్నాయి. మొదటిది వాహన తయారీ సంస్థ సొంత విడిభాగం. ధర ఎక్కువైనా కొలతల్లో తేడా రాదు. రెండోది విడిభాగాల సంస్థలు ఆయా మోడళ్లకు తగినట్లు తయారుచేసి అమ్మే రెడీమేడ్‌ సరకు. మూడోది షెడ్డులో గొట్టం కోసి, వంచి, వెల్డింగ్‌ చేసి అమర్చేది. రెండో, మూడో రకాలన్నీ చెడ్డవని కాదు. వాటిని ఎంచుకునేటప్పుడు ఏం చూడాలో తెలియకపోవడమే నష్టానికి మూలం.

గొట్టం చేసే పని

సిలిండర్లలో మండిన వాయువులు మేనిఫోల్డ్‌ ద్వారా బయటకు వస్తాయి. టర్బో ఉన్న బండిలో దాని చక్రాన్ని తిప్పుతాయి. అక్కడి నుంచి పొగను శుద్ధి చేసే పరికరాలను, సైలెన్సర్‌ డబ్బాను దాటి వెనుక గొట్టం గుండా గాలిలో కలుస్తాయి. డబ్బా లోపల చిల్లుల గొట్టాలు, అడ్డు పలకలు, గదులు ఉంటాయి. వాయువులు ఆ గదుల్లో విస్తరించి, దారి మళ్లి వచ్చేసరికి శబ్ద తరంగాలు ఒకదానినొకటి ఢీకొని బలం కోల్పోతాయి. మరో రకంలో నిటారుగా ఉండే చిల్లుల గొట్టం చుట్టూ గాజు ఉన్ని కూరుతారు. ఇందులో పొగకు అడ్డు తక్కువ. అయితే వేడికి ఉన్ని పొడిబారి రాలిపోయిన కొద్దీ మోత పెరుగుతుంది. రోజూ వందల కిలోమీటర్లు తిరిగే సరకు వాహనానికి గదులున్న రకమే మన్నికైనది.

సన్నమైతే ఒక చేటు.. లావైతే మరొకటి

పొగ బయటకు పోవడానికి ఎదురయ్యే ఒత్తిడిని మెకానిక్‌లు బ్యాక్‌ ప్రెషర్‌ అంటారు. గొట్టం సన్నబడితే ఇది పెరుగుతుంది. 3 అంగుళాల గొట్టం ఉండాల్సిన చోట రెండున్నర అంగుళాలది వేస్తే తేడా అర అంగుళమే కదా అనిపిస్తుంది. కానీ పొగ వెళ్లే దారి వైశాల్యం దాదాపు 31 శాతం తగ్గిపోతుంది. అప్పుడు ఇంజిన్‌ తన శక్తిలో కొంత భాగాన్ని పొగను నెట్టడానికే ఖర్చు చేయవలసి వస్తుంది. మైలేజీ పడిపోతుంది, నల్లపొగ వస్తుంది, టర్బో మితిమీరి వేడెక్కుతుంది.

అలాగని గొట్టం ఎంత లావైతే అంత శక్తి అనుకోవడమూ పొరపాటే. టర్బో లేని చిన్న పెట్రోలు కారులో 2 అంగుళాల గొట్టం స్థానంలో రెండున్నర అంగుళాలది పెడితే దారి 56 శాతం పెరుగుతుంది. దాంతో తక్కువ వేగంలో పొగ నడక మందగిస్తుంది. పొగ వేగంగా కదిలితేనే సిలిండర్‌లో మిగిలిన వాయువును వెంట లాక్కుపోతుంది. ఆ లాగుడు తగ్గితే ట్రాఫిక్‌లో పికప్‌ పడిపోతుంది. టర్బో డీజిల్‌ బండికి టర్బో తర్వాత దారి సాఫీగా ఉండటం మంచిదే. అయినా కంపెనీ కొలతను మించినందువల్ల మామూలు వాడకంలో కనిపించే లాభం స్వల్పం. వెనుక డబ్బా ఒక్కటీ మార్చి శక్తి పెరిగిందనుకునేవారికి పెరిగింది చాలావరకు మోతే.

వంపుల వద్ద మరింత జాగ్రత్త అవసరం. గొట్టాన్ని బలవంతంగా వంచితే లోపలి వైపు మడత పడి దారి సన్నబడుతుంది. ఇసుక దట్టించి వేడిచేసి వంచినా, అందుకు తగిన యంత్రంపై వంచినా గుండ్రదనం చెడదు. బయటి నుంచి చేత్తో తడిమితేనే మడత తెలిసిపోతుంది.

తుప్పు లోపలి నుంచే

సైలెన్సర్‌ను తినేసేది వాన నీరేనని చాలామంది భావిస్తారు. అసలు శత్రువు లోపలే ఉంది. లీటరు పెట్రోలు గానీ, డీజిల్‌ గానీ మండితే దాదాపు లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. దూర ప్రయాణాల్లో గొట్టం బాగా వేడెక్కి ఆ ఆవిరి బయటకు పోతుంది. ఇంటి నుంచి బజారుకు, బజారు నుంచి ఇంటికి తిరిగే కారులో మాత్రం అది డబ్బాలోనే నీరుగా మారి నిలిచిపోతుంది. పొగలోని ఆమ్ల గుణం దానికి తోడై రేకును తొలిచేస్తుంది. అందుకే కొన్ని సైలెన్సర్ల అడుగున సూది బెజ్జమంత రంధ్రం వదులుతారు. దాన్ని లీకనుకొని వెల్డింగ్‌తో మూసివేయిస్తే డబ్బా ఆయుష్షు తగ్గినట్లే.

మామూలు ఇనుప రేకు చౌక, వెల్డింగ్‌కు సులువు. కానీ త్వరగా తుప్పు పడుతుంది. అల్యూమినియం పూత ఉన్న రేకు అంతకంటే మన్నుతుంది. వెల్డింగ్‌ చేసిన చోట పూత కాలిపోతుంది కనుక అక్కడ వేడిని తట్టుకునే రంగు పూయించాలి. దాదాపు 11 శాతం క్రోమియం ఉండే 409 రకం స్టెయిన్‌లెస్‌ స్టీలు పైకి గోధుమరంగు తిరిగినా తొందరగా చిల్లులు పడదు. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్‌ ఉండే 304 రకం ఇంకా మేలైనది, ధర కూడా ఎక్కువే. అయస్కాంతం అంటుకుంటే స్టెయిన్‌లెస్‌ కాదన్న నమ్మకం అన్ని వేళలా నిజం కాదు. 409 రకానికి అయస్కాంతం అంటుకుంటుంది. తీరప్రాంత వాహనాలకు, ఐసు పెట్టెల ఉప్పు నీరు కారే చేపలు, రొయ్యల లారీలకు చవక రేకు చివరకు ఖరీదైన బేరమే అవుతుంది.

బీఎస్‌-6 బండి అయితే..

2020 ఏప్రిల్‌ 1 నుంచి బీఎస్‌-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాక సైలెన్సర్‌ స్వరూపమే మారిపోయింది. ఈ తరం డీజిల్‌ లారీలో పొగను శుద్ధి చేసే ఉత్ప్రేరకం, మసిని పట్టే ఫిల్టరు, 32.5 శాతం యూరియా ద్రావణాన్ని చిమ్మి విష వాయువులను తగ్గించే వ్యవస్థ ఉంటాయి. చాలా బండ్లలో ఇవి సైలెన్సర్‌తో కలిసి ఒకే పెట్టెలో ఇమిడి ఉంటాయి. ఫిల్టరులో చేరిన మసిని కాల్చేటప్పుడు లోపలి వేడి 600 డిగ్రీల వరకు చేరుతుంది. ఒత్తిడిని, వేడిని, వాయువులను కొలిచే సెన్సర్లు అనుక్షణం కంప్యూటర్‌కు సమాచారం పంపుతుంటాయి.

యూరియా ఖర్చు తప్పుతుందనో, ఫిల్టరు పూడుకుపోయిందనో ఈ పెట్టెను గుల్ల చేయిస్తే కంప్యూటర్‌ పసిగట్టి ఇంజిన్‌ శక్తిని తగ్గించేస్తుంది. దాన్ని ఏమార్చే పరికరాలు బిగించడం చట్టవిరుద్ధం. వారంటీ కూడా చేజారుతుంది. కాబట్టి బీఎస్‌-6 లారీ యజమాని బయట మార్చుకోదగినవి వెనుక గొట్టం, క్లాంపులు, హ్యాంగర్లు వంటివే. ఫిల్టరు పూడుకుపోతే శుభ్రం చేయించే మార్గం ఉంది.

పెట్రోలు కార్లలో క్యాటలిటిక్‌ కన్వర్టర్‌ ఇదే పని చేస్తుంది. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాలుంటాయి. కొత్త గొట్టం వేసి పాత కన్వర్టర్‌ను ఉచితంగా ఉంచేసుకునే బేరం యజమానికి లాభం కాదు. ఆ లోహాల కోసమే పాతదానికి గిరాకీ. కన్వర్టర్‌ తీసేస్తే దాని వెనుక ఉన్న ఆక్సిజన్‌ సెన్సర్‌ తేడాను గుర్తించి డ్యాష్‌బోర్డుపై ఇంజిన్‌ దీపం వెలిగిస్తుంది. కాలుష్య పరీక్షలో నెగ్గడమూ కష్టమవుతుంది.

ఎగ్జాస్ట్‌ బ్రేకుతో లంకె

ఘాట్‌ రోడ్డు దిగే లారీలకు ఎగ్జాస్ట్‌ బ్రేకు ప్రాణాధారం. పొగ గొట్టంలోని రెక్క మూసుకుని లోపల ఒత్తిడి పెంచడం వల్ల ఇంజిన్‌ వేగం తగ్గుతుంది. చక్రాల బ్రేకులు వేడెక్కకుండా ఆదుకునేది ఇదే. మేనిఫోల్డ్‌ నుంచి ఈ రెక్క వరకు ఉన్న జాయింట్లలో ఎక్కడ లీకున్నా ఆ ఒత్తిడి నిలవదు. కనుక గొట్టం మార్చినప్పుడు పాత గ్యాస్‌కెట్‌నే మళ్లీ వాడటం, బోల్టులు తక్కువ బిగించడం వంటి పొదుపు పనికిరాదు.

నిద్రలో పొంచి ఉన్న ముప్పు

2025 అక్టోబరు 1 నుంచి తయారైన మధ్య, భారీ సరకు వాహనాల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అయింది. డ్రైవర్లకు ఇది ఊరట. అయితే ఇంజిన్‌ నడుపుతూ, అద్దాలు మూసి నిద్రించేవారు పొగ గొట్టం విషయంలో రెట్టింపు జాగ్రత్త పడాలి. లీకైన పొగలోని కార్బన్‌ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. తలనొప్పి, వికారం, మత్తుతో మొదలై నిద్రలోనే ప్రాణం తీయగలదు. పెట్రోలు వాహనంలో దీని పాళ్లు ఎక్కువ. డీజిల్‌లో తక్కువైనా మూసిన క్యాబిన్‌లో క్షేమం అనుకోరాదు. గొట్టాన్ని క్యాబిన్‌ కిందే ముగిసేలా పొట్టిగా కోయించడం ఈ ముప్పును కొనితెచ్చుకోవడమే. వరిగడ్డి, పత్తి రవాణా చేసే వాహనాల్లో గొట్టంపై ఉండే వేడి కవచాన్ని తీసివేస్తే అగ్ని ప్రమాదానికి దారితీస్తుంది.

చట్టం ఏమంటోంది?

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన ప్రకారం ప్రతి వాహనానికీ శబ్దాన్ని తగ్గించే సైలెన్సర్‌ ఉండాలి. పొగ గొట్టానికి, ఇంధన గొట్టానికి మధ్య కనీసం 35 మిల్లీమీటర్ల ఎడం ఉండాలని 113వ నిబంధన చెబుతోంది. పొగ ఏ దిశలో వెలువడాలన్న దానిపైనా నియమాలున్నాయి. కంపెనీ ఇచ్చిన దిశను మార్చకపోవడమే క్షేమం. కొత్త వాహనాలకు తయారీ దశలో నిర్దేశించిన శబ్ద పరిమితి కార్లకు 74 డెసిబెల్స్‌. భారీ లారీలకు ఇంజిన్‌ శక్తిని బట్టి 77 నుంచి 80 వరకు ఉంది. 10 డెసిబెల్స్‌ పెరిగితే మోత చెవికి సుమారు రెట్టింపుగా వినిపిస్తుంది.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్‌ ప్రకారం శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను అతిక్రమిస్తే మొదటి తప్పుకే మూడు నెలల వరకు జైలు లేదా రూ.10 వేల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా ఉంటుంది. నిబంధనలకు విరుద్ధంగా వాహనంలో మార్పులు చేసిన యజమానికి 182ఏ సెక్షన్‌ కింద ఒక్కో మార్పునకు రూ.5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో మోత సైలెన్సర్లను పోలీసులు ఊడదీయించి రోడ్డు రోలర్లతో తొక్కించిన సందర్భాలూ ఉన్నాయి. పోయేది సైలెన్సర్‌కు పెట్టిన డబ్బు మాత్రమే కాదన్నమాట.

కొనే ముందు.. బిగించాక..

* బండి మోడల్‌, తయారైన సంవత్సరం, బీఎస్‌ శ్రేణి చెప్పి విడిభాగం నంబరు సరిచూసుకోవాలి.
* పాత గొట్టం లోపలి వ్యాసం కొలిపించి, కొత్తది అంతే ఉండేలా చూడాలి.
* డబ్బాను ఊపి చూడాలి. లోపల గలగలమంటే పలకలు ఊడినట్లే. ఒకే కొలత ఉన్న రెండింటిలో బరువైనది సాధారణంగా మందపు రేకుతో చేసినదై ఉంటుంది.
* 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలపై జీఎస్టీ 18 శాతమే. బిల్లు, వారంటీ కాగితం అడిగి తీసుకోవాలి.
* గ్యాస్‌కెట్‌, క్లాంపులు, హ్యాంగర్‌ రబ్బర్లు కొత్తవే వేయించాలి.
* బిగించాక ఇంజిన్‌ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్‌ చేసి జాయింట్ల వద్ద సబ్బు నీళ్లు చల్లాలి. బుడగలు వస్తే లీకున్నట్లే.
* వారం తిరిగాక బోల్టులు మరోసారి బిగింపు చూపించాలి. గొట్టం వేడికి సాగి, చల్లారాక ముడుచుకోవడం వల్ల అవి వదులవుతాయి.
* మార్చిన తర్వాత మైలేజీ, పొగ రంగు, ఘాట్‌లో లాగుడు గమనించాలి. తేడా కనిపిస్తే ఇంజిన్‌ విప్పే ముందు గొట్టాన్నే మరోసారి చూపించాలి.