తిరిగి వచ్చిన ఉత్తరము

పంపిన ఈమెయిలు క్షణములో నిరాకరింపబడి తిరిగి వచ్చినప్పుడు, ఏ తప్పును చేయని తమకీ నింద యేలయని పలువురు చింతింతురు. దీని కారణమును మేమిచ్చట సంగ్రహముగా దెలిపెదము.

మోసపు జాబులను, అక్కరలేని ప్రకటనలను వెదజల్లువారిని అరికట్టుటకై 1997లో పాల్ విక్సీ ప్రభృతులు ఒక నిరోధ పట్టికను నెలకొల్పిరి. 1998లో స్పామ్‌హౌస్ సంస్థ వెలసెను. ఇట్టి పట్టికలలో నుండునవి ముఖ్యముగా మనుష్యుల పేర్లు గావు. జాబులను పంపు సర్వరుల ఐ.పి. సంఖ్యలు. ఒక సర్వరును అనేకులు వాడుదురు గనుక, ఒకని దోషమువలన తక్కినవారి జాబులును ఆగిపోవచ్చును.

అప్పుడు కోపము నిష్ప్రయోజనము. తిరిగి వచ్చిన జాబులో 550 లేక 554 వంటి సంఖ్యయు, తరచుగా పట్టిక పేరును ఉండును. దానిని ఉన్నదున్నట్లు మన సర్వరు నిర్వాహకునికి పంపవలెను. అతడు దొంగిలింపబడిన పాస్‌వర్డునో, వైరసు సోకిన కంప్యూటరునో కనిపెట్టి సరిదిద్దిన పిమ్మటనే, ఆ సంఖ్యను తొలగింపుడని పట్టికవారిని కోరవలెను. మూలము నిలిచియుండగా తొలగించినను, మరల చేర్చుదురు. పట్టికను నమ్మి జాబును త్రోసివేయునది స్వీకర్త సర్వరే. కావున దాని నిర్వాహకులును మన జాబులను ప్రత్యేకముగా అనుమతింపగలరు.

పట్టికలవారికిని బాధ్యత గలదు. గురుగులను పెరుకువారు గోధుమలను కాపాడవలెను గదా! ఫిర్యాదును విని, కారణము దెలిపి, పొరపాటైనచో శీఘ్రముగా సవరించుట వారి ధర్మము.

విద్యార్థులారా, గడువులోపల దరఖాస్తు చేరనిచో ఒక సంవత్సరమే వ్యర్థము కావచ్చును. తిరిగి వచ్చిన జాబును చదువక తుడిచివేయకుడు. వెంటనే వేరొక మార్గమున దరఖాస్తును పంపి, పిమ్మట ఫిర్యాదు చేయుడు.