పొడవు పలక పరీక్ష

కాలిఫోర్నియా, హవాయి తీరములయందు కెరటములు లేని దినములలో అలలపై తేలువారు తమ ముచ్చటను నేలమీద తీర్చుకొనబూనగా వృద్ధిపొందిన క్రీడాసాధనమే స్కేట్‌బోర్డు. దాని పొడుగరి తోబుట్టువు లాంగ్‌బోర్డు. 1970ల ఆరంభమున ఫ్రాంక్ నాస్‌వర్దీ పాలీయురేథేన్ చక్రములను ప్రచారమునకు తెచ్చువరకు, చిన్న గులకరాయి తగిలినను బండి నిలిచిపోయి, మనిషి మాత్రము ముందుకు సాగిపోవుచుండెను!

అంగడికి పోవుటకును, వాలుబాటలో అడ్డముగా జారుచు దిగుటకును ఒక్క పలకయే చాలునా యని పరీక్షింపగోరువాడు ముందుగా చూడవలసినది పలకపై రంగులను గాదు, చక్రముపై ముద్రించిన కాఠిన్యపు అంకెను. 78 కాఠిన్యముగల 70 మిల్లీమీటర్ల చక్రము గరుకుదారిని దిగమ్రింగును గాని, జారవలసినచోట నేలను పట్టి విడువదు. 86 గలది సుఖముగా జారును, పండ్లను మాత్రము కదల్చును. నడుమ 80 ప్రాంతమున గుండ్రని అంచుగలదానిని ఎన్నుకొనుట నాకు నచ్చిన రాజీ. ఇక చేతితొడుగుల అరచేతిలో ప్లాస్టిక్ బిళ్ళ యుండవలెను. వంగి దానిని తారుపై ఆనించినప్పుడు పలక అడ్డము తిరిగి, వెనుక తెల్లని చార విడుచుచు వేగము తగ్గును.