సూర్యునియందు దొరికిన పదార్థము



విభవనామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య, మంగళవారము. ఇంగ్లీషు లెక్కకు 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేది. ఆనాటి ఉదయము కృష్ణాతీరమున సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. మనవారు పట్టుస్నానములు చేసి జపములకు కూర్చుండు వేళ, గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట జాన్సెన్ అను ఫ్రెంచి ఖగోళ పండితుడు తన యంత్రమును సూర్యుని వంక త్రిప్పి కాచుకొనియుండెను.

హీలియము అను వాయువు గుంటూరులోనే కనుగొనబడినదని మనవారు గర్వముతో చెప్పుకొనగా పలుమార్లు వింటిని. ఆ మాటలో నిజమెంతయో నేడు మనవి చేసెదను.

జాన్సెన్ యంత్రము వెలుతురును గాజుపట్టకము గుండ పోనిచ్చి ఇంద్రధనుస్సువలె రంగులుగా విడదీయును. పొయ్యిలో ఉప్పు పడినప్పుడు మంట పసుపుపచ్చగా లేచుట మీరెరిగినదే. ఆ మంటను ఈ యంత్రములో చూచినచో పసుపురంగు చోట రెండు గీతలు ప్రక్కప్రక్కన మెరయును. అవి ఉప్పులోని సోడియమువి. ప్రతి మూలపదార్థమును ఆవిరియై వెలుగునప్పుడు తన గీతలనే చూపును. ఒకదాని గీతలు మరియొకదానికి రావు. కరణముగారి చేవ్రాలు వంటిదనుకొనుడు. జర్మనీ దేశస్థులగు కిర్కాఫ్, బున్సెన్ అనువారు 1859, 60 సంవత్సరములలో ఈ సంగతిని స్థాపించిరి. అప్పటినుండి 9 కోట్ల 30 లక్షల మైళ్ల దూరమున నున్న సూర్యునిలో ఏమున్నదో ఇచ్చటినుండియే చదువుటకు వీలైనది.

చంద్రుడు సూర్యబింబమును పూర్తిగా కప్పినప్పుడు అంచున ఎర్రని జ్వాలలు కానవచ్చును. వానిలో ఉదజని వాయువు గీతలను జాన్సెన్ చూచెను. అవి ఎంత కాంతితో నుండెననగా, గ్రహణము లేకున్నను వీనిని చూడవచ్చునని ఆయనకు తోచెను. మరునాటి ఉదయము చూచెను, కనబడినవి. అంతకుముందు ఆ జ్వాలలను చూడగోరువారు ఏండ్లతరబడి కాచుకొని, సముద్రములు దాటి, గ్రహణము పట్టుచోటికి పోవలసియుండెడిది. గుంటూరులో జరిగిన అసలు ఘనకార్యము ఇదియేయని నా అభిప్రాయము. క్రొత్త పదార్థము దొరికినదని జాన్సెన్ అన్నవాడు కాడు.

అయితే ఆ జ్వాలలలో ఒక పసుపు గీత కూడ కలదు. ఆనాడు దానిని చూచినవారు పలువురు. సోడియముదేయని చాలమంది అనుకొనిరి. మచిలీపట్టణమునుండి చూచిన మద్రాసు నక్షత్రశాలాధికారి పాగ్సన్, అది సోడియపు గీత చోటనో, దాని చెంతనో ఉన్నదని వ్రాసెను. ఆ ‘చెంత’ యను మాటలోనే సంగతి యంతయు నున్నది.

లండనులో యుద్ధశాఖ గుమాస్తాగా నుండి, తీరికవేళల ఆకాశమును చూచు లాక్యరు, గ్రహణము లేకుండగనే అదే ఉపాయముచే అక్టోబరు 20వ తేదిన ఆ జ్వాలలను చూచెను. ఇరువురి వార్తలును పారిస్ పండితపరిషత్తుకు ఒక్కనాడే అందినవి. ఎవరు ముందను తగవు పెట్టుకొనక, ఫ్రెంచి ప్రభుత్వము 1872లో ఇద్దరి ముఖములను ఒక్క పతకముపై ముద్రించుట ఎంతయు ముచ్చట.

లాక్యరు పసుపు గీతను కొలిచి, అది సోడియపు గీతలకు కొంచెము తొలగి యున్నదని తేల్చెను. రసాయన పండితుడగు ఫ్రాంక్లండుతో కూడి ఉదజనిని పలువిధముల పరీక్షించెను. ఆ గీత రాలేదు. భూమిపై నెరుగని పదార్థమే యనుకొని, గ్రీకులు సూర్యుని పిలుచు ‘హేలియోస్’ శబ్దముచే హీలియమని పేరిడిరి. 1871లో ఎడింబరో సభలో విలియం థాంసన్ ఆ పేరును లోకమునకు వెల్లడించెను. వస్తువు ఎవరి చేతికిని చిక్కలేదు; ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లుండెను. నమ్మనివారు చాలమంది.

ఇట్లు 27 ఏండ్లు గడచినవి. 1895 మార్చి నెలలో లండనులో రామ్సే అను రసాయనవేత్త క్లీవైటు అను యురేనియపు రాతిని ఆమ్లముతో కాచి, వెలువడిన వాయువును యంత్రములో చూడగా ఆ పసుపు గీతయే మెరసెను. యురేనియము తనంత తాను నశించుచు హీలియమును పుట్టించుననియు, అది రాతిలోనే చిక్కుకొనియుండుననియు తరువాత తెలిసినది.

పేరును గూర్చి ఒక్కమాట. సోడియము, పొటాసియము అనునట్లు ‘ఇయము’ తుదగల పేరు సాధారణముగా లోహములది. లాక్యరు దీనిని లోహమని తలచెను. దీని జాతివే యగు నియాన్, క్రిప్టాన్, జెనాన్ వాయువులకు 1898లో వేరు తీరున పేర్లు వచ్చినవి గాని, దీని పాతపేరు మారలేదు. మారకుండుటయే నాకు సంతోషము. వరాహమిహిరుడు బృహజ్జాతకమున సూర్యుని పేర్లలో ‘హేళి’ యని చెప్పినాడు. అది ఆ గ్రీకు శబ్దమునుండి వచ్చినదే యని పండితులందురు. లాక్యరుకు సుమారు 1300 ఏండ్లకు పూర్వమే ఆ మాట మన జ్యోతిష్కుల నోట నున్నది.