415 అన్న మీటరు

మా మెకానిక్ బాబాయి పసుప్పచ్చ మీటరు ముళ్ళు స్టార్టరు మీద పెడితే 415 అని పడింది. మూడు ఫేజుల మోటారుకు కావలసింది అంతే. అయినా మోటారు మూలిగి వేడెక్కింది. ఇంకొకరి మీటరు తెచ్చి పెడితే అవే తీగల మీద 362. వోల్టేజి తగ్గినా మోటారు బరువు దించుకోదు. అన్నే నీళ్ళు ఎత్తడానికి ఎక్కువ కరెంటు లాక్కుంటుంది, వైండింగు కాలిపోతుంది. పల్నాటి రైతుకు ఆ యాభై మూడు వోల్టుల తేడా చిన్నది కాదు.

ఇలాంటి మీటరు ఒక మనిషి విసుగు నుంచి పుట్టింది. బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజనీరు డొనాల్డ్ మకాడీ టెలిఫోన్ లైన్ల పనికి ఆంపియర్లకొకటి, వోల్టులకొకటి, ఓములకొకటి మోయలేక మూడింటినీ ఒకే పెట్టెలో కూర్చాడు. 1923లో అది ‘ఆవో’ పేరుతో అమ్మకానికి వచ్చింది. అది ముల్లు ఊగే మీటరు. అంకెలు చూపించే వోల్ట్‌మీటరు 1950లలో అమెరికాలో ఆండ్రూ కే చేతుల్లో పుట్టింది, కానీ బల్ల మీద పెట్టుకునేంత పెద్దది. 1977లో ఫ్లూక్ 8020ఎ చేతిలోకి వచ్చింది. 7106 అనే ఒక్క చిప్పు కొలత, లెక్క, తెర మీద అంకెలు అన్నీ తానే చూసుకోవడంతో మీటరు మెకానిక్ జేబులోకి చేరింది. బాబాయి మీటరులో ఉన్నదీ అదే.

ఆ చిప్పు కొలిచే పద్ధతి నాకు ఎన్నిసార్లు చెప్పుకున్నా ముచ్చటే. తెలియని వోల్టేజితో ఒక కెపాసిటరును సరిగ్గా 1000 లెక్కపెట్టేంత సేపు నింపుతుంది. తరవాత తనకు తెలిసిన వోల్టేజితో దాన్ని ఖాళీ చేస్తూ ఎన్ని లెక్కలు పట్టిందో చూస్తుంది. ఆ తెలిసిన వోల్టేజి 100 మిల్లీవోల్టులు. లోపలికి వచ్చిందీ అంతే అయితే 1000 లెక్కలే పడతాయి, రెట్టింపు వస్తే లెక్క రెట్టింపవుతుంది. అంటే మీటరు కొలవడమంటే పోల్చడమే. మరి పోల్చుకునే ఆ కొలబద్దే కుంగిపోతే? ఖాళీ చేయడానికి ఎక్కువ సేపు పడుతుంది, అంకె పెరుగుతుంది. 9 వోల్టుల బ్యాటరీ 7కి దిగువకు జారితే జరిగేది ఇదే. లోపల బలం తగ్గినకొద్దీ బయట అంకె పెరుగుతుంది. ఇంత ప్రమాదకరమైన తప్పు ఇంకొకటి నాకు తెలియదు.

అందుకే బాబాయి మొదట బ్యాటరీ మార్చాడు. అంకె చాలా వరకు దిగింది, కానీ నాబ్ కదిపితే ఇంకా వణుకుతోంది. ముళ్ళు తీసి పక్కన పెట్టి, వెనక స్క్రూలు విప్పాడు. మా దుర్గిలో శిల్పుల ఉలి కింద, కట్టరు కింద లేచే రాతి దుమ్ము దేన్నీ వదలదు; బోర్డు మీద అది పిండిలా పేరుకుంది. నాబ్ తీసేటప్పుడు కింద తెల్లగుడ్డ పరిచాడు, ఎందుకంటే దాని పక్కల ఉండే చిన్న ఉక్కు బంతులు, స్ప్రింగులు ఎగిరిపడితే మళ్ళీ దొరకవు. బ్రష్‌తో దుమ్ము దులిపి, నాబ్ తిరిగే రాగి గీతలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచాడు. గరుకు కాగితం ముట్టనివ్వలేదు: పూత పోతే తుడిచినా లాభం లేదు. తెర కింద ఉండే రబ్బరు పట్టీనీ తుడిచాడు. అక్కడ ఒక్క గీతకు స్పర్శ తప్పితే 8 కాస్తా 6 అవుతుంది.

ముళ్ళ వైర్లు ఆఖరికి. 200 ఓముల దగ్గర పెట్టి రెండు కొసలూ ఆనించి, పిడి దగ్గర వైరు వంచి చూశాడు. ఎర్రదాని అంకె ఎగిరింది. లోపల పోగులు తెగాయి. జత మార్చాడు.

లోపల సన్న స్క్రూ ఒకటి ఉంటుంది, పోలిక వోల్టేజిని సరిచేసేది. చాలామంది మీటరు విప్పగానే దాని మీదికే వెళ్తారు. అది తప్పని నా నమ్మకం. బ్యాటరీ, మురికి, వైర్ల తప్పులను స్క్రూతో కప్పితే రేపు కొత్త బ్యాటరీ వేసిన రోజు అన్నీ తప్పులే చదువుతాం. బాబాయి చివరికి బైకు బ్యాటరీకి రెండు మీటర్లూ కలిపాడు. ఒకటి 12.61, ఒకటి 12.66. స్క్రూను వెంట్రుకవాసి తిప్పితే కలిశాయి.

సాయంత్రం మళ్ళీ స్టార్టరు దగ్గరికి వెళ్ళాం. పసుప్పచ్చ మీటరు 364 అంది. ఆ పూట మోటారు వేయలేదు.